బాలింత గదిలో గాలి గొట్టం

అరసికెరె ఊళ్లో రంగక్కకు భయస్తురాలని పేరు. ఆ పేరు ఊరికే రాలేదు. ఒక ఇంట్లో పొయ్యి కట్టి వచ్చిందంటే మర్నాడు పొద్దున్నే మళ్లీ అక్కడికే పోయేది. మిద్దె మీది పైపులోంచి పొగ సరిగా పోతోందా, గాలి బొక్కకు ఎవరైనా ఏమైనా అడ్డం పెట్టారా అని చూసేది. ఆ పైవారం మళ్లీ పోయేది.

“పొయ్యి కట్టినావా, కూతుర్ని కాపురానికి పంపినావా మే?” అని ఆడవాళ్లు ఆటపట్టించేవాళ్లు. రంగక్క కూడా నవ్వేది. నవ్వుతూనే పైపు చుట్టూ తిరిగి చూసేది.

ఎనభైల నాటి మాట ఇది. వానల్లేక చెనిక్కాయ చేలు మాడిపోయాయి. కూలి దొరకని ఆ రోజుల్లో రంగక్క పావగడకు పోయి పొగ రాని పొయ్యిలు కట్టడం నేర్చుకుంది. మట్టి, పేడ, ఇటుక ముక్కలు, మిద్దెను దాటి పైకి నిలబడే సిమెంటు పైపు. చూడటానికి ఇంతే కదా! కానీ నేర్పిన మేస్త్రీ చెప్పిన మాట ఒకటి ఆమె కడుపులో రాయిలా పడిపోయింది. మంటకు గాలి అందకపోతే పొగ పైకి పోదు, గదిలోకే తిరుగుతుంది. అందులో బొగ్గుల విషానికి రంగు లేదు, వాసన లేదు. పాము కనిపిస్తే కర్ర తీసుకుంటాం. కనిపించని దాని మీదికి ఏం తీసుకోవాలి?

అందుకే పైపును వంకర్లు లేకుండా నిటారుగా నిలిపేది. కట్టెల వామికి దూరంగా పెట్టేది. గోడకు కింద గాలి రావడానికి ఒక బొక్క తప్పకుండా విడిచేది.

ఒక చలికాలం జయరామప్ప ఇంట్లో పని దొరికింది. ఆయన కూతురు లక్ష్మక్క తొలి కాన్పుకు వచ్చి ఉంది. బాలింత గది వెచ్చగా ఉండాలి, నీళ్లు కాగాలి. రంగక్క చిన్న పొయ్యి కట్టింది, మంచం పక్క గోడలో గాలి బొక్క పెట్టింది. మగబిడ్డ పుట్టాడు. పురిటి అంటు కాబట్టి బయటివాళ్లెవరూ ఆ ఇంటికి పోకూడదు. కొన్నాళ్లు రంగక్క ఓర్చుకుంది. ఒకరోజు పొద్దున్నే ఇక ఆగలేక పోయి వాకిట్లో నిలబడింది.

మిద్దె మీద పైపు ఉంది. దాన్లోంచి పొగ మాత్రం రావడం లేదు.

జయరామప్ప భార్య నల్లమ్మ చెంబుతో బయటికి వచ్చింది.

“నల్లమ్మత్తా, పొయ్యి ఆరిపోయినాదా?”

“ఆరేదేంది? తెల్లారుజామున బొగ్గులేసినా. నిప్పులు ఇంకా ఎర్రగా ఉండాయి. నీ పొయ్యి బంగారమే రంగీ!”

“బొగ్గులా? బొగ్గులెందుకేసినావత్తా?”

“కట్టెలు ఊరికే మండిపోతాయి. బొగ్గులైతే నిలబడతాయి.”

రంగక్క మూసి ఉన్న తలుపు వంక చూసింది. “లక్ష్మి ఎట్లుండాది?”

నల్లమ్మ ముఖం వాడిపోయింది. “ఏం చెప్పేది మే! నిన్నట్నుంచి తలనొప్పి, వాంతులు. లేపితే మాట తడబడతాది. బిడ్డ పాలు పట్టడంలే. గాలి సోకి బాలింత సన్ని కొట్టినట్టుండాది. అందుకే నీ గాలి బొక్కలో పాత చీర కుక్కి పేడ మెత్తినా. తలుపు సందుల్లో గోనెపట్టలు పెట్టినా. ఇంకొంచెం బొగ్గులెయ్యాల.”

తలనొప్పి ముదిరేకొద్దీ గది మూస్తున్నారు. గది మూసేకొద్దీ తలనొప్పి ముదురుతోంది. తలుపు తెరిచాక ఆ పిల్లకేమైనా అయితే గాలి తగిలించి చంపిందని ఊరంతా అంటుంది. తెరవకపోతే?

రంగక్క గడప వైపు నడిచింది. నల్లమ్మ చేతులు చాచి అడ్డం నిలబడింది.

“అంటుగదిలోకి యాడికి పోతావే? చల్లగాలికి నా బిడ్డకేమన్నా అయితే?”

“అయితే నన్ను నరుకుదువు గానీ, జరుగత్తా!”

తోసుకుని పోయి తలుపు తీసింది. వేడి ముఖానికి కొట్టింది. గదిలో పొగ లేదు. శుభ్రంగా, ప్రశాంతంగా ఉంది. అదే ఆమెను ఇంకా భయపెట్టింది. లక్ష్మక్క కళ్లు సగం తెరుచుకుని ఉన్నాయి. పిలిస్తే పలకలేదు. రంగక్క ఊపిరి బిగబట్టి బిడ్డను ఎత్తుకొచ్చి నల్లమ్మ చేతుల్లో పెట్టింది. మళ్లీ లోపలికి పోయింది. తల గిర్రున తిరుగుతుంటే లక్ష్మక్కను మంచం మీది చాపతో సహా వాకిట్లోకి ఈడ్చుకొచ్చి, ఎండలో ఆమె పక్కనే కూలబడింది.

బిడ్డ తల వాలిపోయి ఉంది. నల్లమ్మ గుండెలు బాదుకుంటూ శాపనార్థాలు మొదలుపెట్టింది. రంగక్క చెవికి అవేవీ ఎక్కలేదు. ఆ చిన్న పెదవుల వంకే చూస్తోంది. కదలవు. కదలవు. అంతలో బిడ్డ ముక్కు చిట్లించాడు. సన్నటి ఏడుపు ఒకటి, పిల్లి కూన అరిచినట్టు, బయటికొచ్చింది.

ఆ తర్వాత లక్ష్మక్క వాంతి చేసుకుని, “బిడ్డ యాడ?” అంది.

జయరామప్ప పరిగెత్తుకొచ్చి ఇద్దరినీ పావగడ ఆసుపత్రికి తీసుకుపోయాడు. గది మూసి బొగ్గులు పెట్టడం వల్లే ఇలా అయిందని డాక్టరు చెప్పాడు. తల్లీబిడ్డా కోలుకుని ఇల్లు చేరారు.

“ఆ పాడు పొయ్యి పగలగొట్టు,” అంది నల్లమ్మ. “మట్టి కుంపటి పెట్టుకుంటా.”

ఆ మాటకు రంగక్కకు మళ్లీ భయం పట్టుకుంది. కుంపటికి పైపే ఉండదు కదా!

“అత్తా, నీకు గాలంటే భయం. నాకు గాలి లేకుంటే భయం. ఒక పని చేస్తా, ఆగు.”

గోడలోని బొక్క పూడ్చేసింది. వాకిలి అవతల నుంచి నేల కిందుగా ఒక పైపు వేసి, దాని రెండో కొసను నేరుగా పొయ్యి బూడిద గూట్లోకి కలిపింది. పొయ్యి నోటికి ఇనుప మూత చేయించింది. కట్టెలు వేసి మంట రాజేసి, నల్లమ్మ చేతిని నీళ్లలో ముంచి మంచం దగ్గర పట్టించింది.

“గాలి తగులుతాందా?”

“లేదే! మరి మంట ఎట్లా మండుతాది?”

“గాలి నిప్పుకే పోతాది, బాలింత దగ్గరికి రాదు. బొగ్గులు మాత్రం ఎయ్యొద్దు. తలుపు కింద సందు మూసేది లేదు. తలనొప్పి అంటే ముందు బయటికి తీసుకురా, సన్ని సంగతి ఆనక చూద్దాం.”

నల్లమ్మ సరేనంది. నమ్మినట్టే కనిపించింది.

రంగక్క బయటికి వచ్చి పైపు కొస దగ్గర చెవి పెట్టింది. లోపలికి గాలి లాగుతున్న సన్నటి చప్పుడు వినిపించింది. అయినా మనసు ఊరుకోలేదు. చేను గట్టుకు పోయి తుమ్మకంప కొట్టుకొచ్చి, ఆ పైపు నోటి చుట్టూ, గుడ్డలు కుక్కడానికి ఎవరి చెయ్యీ దూరకుండా దట్టంగా పాతింది. ముళ్లు గీరుకుని చేతులు నెత్తురోడాయి.