కంది దులిపిన యేసయ్య

యేసయ్య వస్తున్నాడంటే ఒకప్పుడు మనూరు మండలం చుట్టుపక్కల రైతులు లేచి నులకమంచం వాల్చేవాళ్లు. ఈ మాట యేసయ్య తానే చెప్పుకుంటాడు, కానీ అబద్ధం కాదు. ఊరిబడిలో ఏడో తరగతి దాకా చదివినవాడు. చర్చిలో పాట ఎత్తుకుంటే పదిమందీ అందుకునేవారు. బడికి రెండో గది కావాలని కలెక్టరు ముందు నిలబడి అడిగినవాడు. అన్నిటికన్నా పెద్ద పని, కంది దులపడం ఊరికి నేర్పినవాడు.

మబ్బు కమ్మితే కందికాయకు పచ్చపురుగు పడుతుంది. ఒకరు చెట్టు వంచి దులపాలి. ఇద్దరు యూరియా సంచులు విప్పి కుట్టిన పట్టాను కింద పట్టుకుని సాలు వెంట జరగాలి. రాలిన పురుగు కోళ్లకు పండగ. అయితే ఒక్కడు దులిపితే దండగే, పక్క చేనులో మిగిలింది రెక్కలొచ్చి మళ్లీ ఇటే గుడ్లు పెడుతుంది. ఊరంతా ఒకేసారి దిగాలి. పట్టా సాఫీగా సాగాలని కంది నడుమ జొన్న మొక్కన్నది లేకుండా పీకించడం యేసయ్య పెట్టిన కట్టుబాటు. దాన్నీ గొప్పగానే చెప్పుకునేవాడు.

మొదటి ఏడు పట్టాకు ఒక కొస యేసయ్య పట్టుకుంటే రెండో కొస పట్టుకున్నది బండెప్ప. మెడలో లింగం కట్టుకునే లింగాయతుల ఇంటివాడు. ఊరు గుసగుసలాడింది. దప్పికైనప్పుడు బండెప్ప తల్లి చెంబు పైకెత్తి, యేసయ్య దోసిట్లోకి నీళ్లు వంచింది. పట్టా ఒక్కటే గానీ చెంబు ముట్టే రోజులు కావవి. బండెప్ప తల వంచుకున్నాడు.

బండెప్ప పోయి చాలా ఏళ్లయింది. ఈ ఏడు కంది కాయ మీదున్నప్పుడు మబ్బు దిగింది. కాళ్లు ఆడుతుండగానే ఊరంతా దులపడం ఇంకొక్కసారి చూడాలని యేసయ్యకు పట్టుదల. ఇల్లిల్లూ తిరిగాడు. కూలీలు దొరకరన్నారు కొందరు. మందు కొడితే గంటలో అయిపోయేదానికి ఈ తిప్పలెందుకన్నారు ఇంకొందరు. పొద్దున్నే చేనుకు వస్తామన్నవాళ్లు ఆటో ఎక్కి మందు కోసం ఖేడ్ పోయారు.

చివరికి భార్య ఆనందమ్మ, తానూ దిగారు. ఆమె చెట్టు దులిపింది. పట్టాకు రెండో కొస పట్టే మనిషి లేక యేసయ్య రాయి కట్టాడు. గాలికి పట్టా తిరగబడి పురుగంతా మట్టిలో పడింది. అతను గట్టు మీద కూలబడ్డాడు.

ఆనందమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. "రాయికి చెప్పినా పట్టుకుంటదనుకున్నవా? నువ్వు నేర్పినోళ్లు నీకంటే ముందే మర్చిండ్రు. పో, మందు తెచ్చుకో."

ఖేడ్‌లో మందుల దుకాణం బండెప్ప కొడుకు గురునాథ్‌దే. యేసయ్య పోయేసరికి కాకా అంటూ కుర్చీ వేశాడు, చాయ్ తెప్పించాడు. సంగతి విని నవ్వాడు.

"మా నాయన గూడ ఊకె దులుపుడు ముచ్చటే చెప్తుండె. గిప్పుడు అయ్యే పనేనా కాకా? గా కాలం పోయింది."

యేసయ్య మందుకు డబ్బులు లెక్కపెట్టి ఇచ్చాడు. డబ్బా సంచిలో వేసుకుని బస్టాండుకు నడిచాడు. సొంత చేత్తో సొంత మాటను పూడ్చిపెట్టి వచ్చినట్టుంది.

బెంచీ మీద నాగల్‌గిద్ద బస్సు కోసం చూస్తున్న ఆడవాళ్లిద్దరు ఉన్నారు. ఒకామె నొసటన విభూతి. ఆమె కన్ను సంచిలోని డబ్బా మీద పడింది.

"కందికా అజ్జా? దానికి మందెందుకు? మా దిక్కు దులుపుతం."

అజ్జా అని తాతను పిలిచినట్టు పిలిచిన ఆమె వైపు యేసయ్య జరిగాడు. ఎట్లా దులుపుతారని అడిగాడు. ఏమీ తెలియని ముసలివాడనుకుని ఆమె చేతులు తిప్పుతూ మొదటినుంచీ చెప్పింది: పట్టా, రెండు కొసలు, కోళ్లు, ఊరంతా ఒకేసారి. అన్నీ అతని మాటలే.

"పట్టాకు జొన్న అడ్డం రాదా? నేనైతే పీకిస్తుంటి," అన్నాడు.

"పీకుడేంది అజ్జా!" అంది రెండో ఆమె. "దాని మీదనే గదా పిట్ట వాలేది. మనం ఇడిసింది అదే ఏరుకుంటది. అడ్డమొస్తే పట్టా ఎత్తి దాటాలె. గింత తెల్వదా?"

"మీకెవరు నేర్పిండ్రు?"

"ఎవరు నేర్పుడేంది? మా అత్త చేస్తుండె, మేం చేస్తున్నం."

నేర్పింది నేనే, అనబోయి ఆగాడు. విభూతి పెట్టుకున్నామె సీసా నోట పెట్టుకుని నీళ్లు తాగి, "ఇంద రిబ్కా," అని పక్కామెకు ఇచ్చింది. రిబ్కమ్మ, పేరును బట్టి చర్చి మనిషే, మూతి తుడవకుండానే తాగింది. ఎంగిలన్న సంగతి ఇద్దరిలో ఒక్కరూ పట్టించుకోలేదు. ఇంతలో బస్సు వచ్చింది. సీటు కోసం తోసుకుంటూ ఎక్కి వెళ్లిపోయారు. అతని పేరు అడగలేదు.

తెల్లారి యేసయ్య చేనుకు మందు కొట్టించాడు. అప్పటికే సగం కాయలకు తొర్రలు పడ్డాయి. ఊళ్లో పట్టా అడిగినవాళ్లు లేరు. ఈ పంటే కాదు, ఈ ఊరే తన చేతుల్లోంచి జారిపోయిందని అతనికి తెలుసు. ఆ పగలంతా కలెక్టరు ముచ్చట, బడి గది ముచ్చట ఏదీ ఎత్తలేదు. జ్వరమొచ్చిందేమోనని ఆనందమ్మ నొసలు పట్టి చూసింది.

"ఇంట్ల జొన్న ఇత్తనం ఉన్నదా?" అన్నాడు.

"ఎందుకు? చేనుల ఏసి మళ్ల పీకేస్తందుకా?"

"ఈసారి పీకను," అన్నాడు యేసయ్య.