నాకు రంగులు కనిపిస్తాయి

తొమ్మిదేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. మోస్తున్నాను అంటే, బస్తాలాగా ఒకచోట దించి కాసేపు ఊపిరి పీల్చుకోవచ్చని అనుకునేరు. అలా కుదరదు. పొద్దున సోల్డరింగ్ కడ్డీ వేడి పెట్టిన దగ్గర నుంచి సాయంత్రం చేతులు కడుక్కునే దాకా రోజుకు పదిసార్లు దాన్ని కొత్తగా ఆడాలి. మా అమ్మ ముందు ఆడాను. మా బాపు ముందు ఇంకా ఆడుతున్నాను.

అబద్ధం ఇది. నాకు ఎరుపుకీ ఆకుపచ్చకీ, నీలానికీ తేడా తెలియదని మా ఇంట్లో, మా చుట్టాల్లో, మేం ముందుండిన కాలనీలో అందరూ నమ్మారు. నాకు తెలుస్తుంది. మీకు ఎంత బాగా కనిపిస్తాయో నాకూ అంతే బాగా కనిపిస్తాయి. ఇంకొంచెం బాగానే కనిపిస్తాయేమో, ఎందుకంటే నేను బతికేదే రంగుల మీద.

పేరు చెప్పను. గోదావరిఖనిలో రెండు గదుల అద్దె ఇంటి వెనక, రేకుల షెడ్డులో, ఎలక్ట్రిక్ గిటార్లు చేతితో చేసి ఇస్తాను. చర్చిలో వాయించేవాళ్లు, పెళ్లిళ్లకు ఆర్కెస్ట్రా కట్టేవాళ్లు, అప్పుడప్పుడు హైదరాబాదు కుర్రాళ్లు వస్తారు. వచ్చినవాడి చెయ్యి కొలిచి, వాడు అడిగిన రంగు వేసి, వాడికే సరిపోయేలా చేస్తాను. ఈ పని గురించి నాకు ఏ సిగ్గూ లేదు. మీరు నా మీద జాలి పడతారేమో అని ముందే చెబుతున్నాను, ఆ అవసరం లేదు. క్షమించమని కూడా అడగడం లేదు. వినండి, చాలు.

మా వైపు కొలువు తండ్రి నుంచి కొడుక్కి వస్తుంది. బొగ్గు బాయిలో పనిచేసే మనిషి ఇక దిగలేడని డాక్టర్లు తేలిస్తే, ఆయన తప్పుకుంటాడు, కొడుకు చేరతాడు. మెడికల్ అన్‌ఫిట్ అంటారు. బయటివాళ్లకు అది చెడ్డ మాటలా వినిపిస్తుంది, మా కార్మికుల క్వార్టర్ల లైన్లలో మాత్రం శుభలేఖ వచ్చినట్టు చెప్పుకుంటారు. మా బాపు మోకాళ్లు నిజంగానే పోయాయి. అయినా పైన ఏదో తేలిక పని చేసుకుంటూ ఇంకో నాలుగేళ్లు సర్వీసు లాగించగలిగేవాడు. లాగించలేదు. ఆ నాలుగేళ్లు నాకు ఇచ్చేశాడు.

నన్ను అడగలేదు. ఈ ముక్క రాసి తీరాలి. దరఖాస్తు పెట్టిన సంగతి నాకు నల్లా దగ్గర పక్కింటి ఆమె చెప్పింది. బిందె పట్టుకుని వరసలో నిలబడి ఉంటే, "ఇంకేంది, నీ దశ తిరిగె పో" అంది. అప్పటికే బాపు లైనంతా మిఠాయి పంచి వచ్చాడు. నా ఒక్కడికే తెలియదు.

అప్పుడు నాకు ఇరవై నాలుగు. సెంటినరీ కాలనీలో ఉండేవాళ్లం. ఐటీఐ చేసి, మోటార్లకు వైండింగు చేసే షాపులో పనిచేస్తున్నాను. క్వార్టరు వెనక వసారాలో నా మొదటి గిటారు సగం అయి ఉంది. మంచిర్యాల కోత మిల్లులో దొరికిన పాత టేకు దర్వాజా చెక్కను చెక్కి చెక్కి దానికి నడుము తెచ్చాను. మెడ మీద స్వరాలను విడదీసే సన్నటి లోహపు పట్టీలు, ఫ్రెట్లు, దిగగొట్టడానికి సన్న రంపంతో గాడులు కోశాను, ఒక్క గాడి వెంట్రుకవాసి జరిగితే ఆ మెడంతా తీసి పారేసి మళ్లీ మొదలుపెట్టాను. తీగ కదలికను కరెంటుగా మార్చే పికప్ కూడా నేనే చుట్టాను. మోటారు కాయిలు చుట్టిన చేతులే, కానీ ఆ రాగి తీగ మన వెంట్రుక కన్నా సన్నం, వేల చుట్లు చుట్టాలి. తెగితే మళ్లీ సున్నా నుంచి. నాలుగుసార్లు తెగింది. ఐదోసారి నిలిచింది. దాన్ని ఇంట్లో ఉన్న పాత టేప్ రికార్డర్‌కు కలిపి, ఒకే ఒక్క తీగ బిగించి మీటాను. శబ్దం వచ్చింది. నేను చేసిన వస్తువులోంచి వచ్చింది. వసారాలో ఒక్కడినే ఏడ్చాను, ఎందుకో ఇప్పటికీ చెప్పలేను.

డ్యూటీ చేసుకుంటూ గిటార్లు చేసుకోలేవా అని మీరు అడుగుతారు. నన్ను నేనూ అదే అడిగాను. షిఫ్టు దిగి వచ్చి పాడేవాళ్లు లేరా, బొమ్మలు వేసేవాళ్లు లేరా? ఉన్నారు. మరి నీకేమైంది? భయమా? కొంచెం భయమే, దిగే ప్రతివాడికీ ఉండే భయం. కానీ భయం వల్ల కాదు. క్వార్టరు తాళంచెవి చేతిలో పెట్టినట్టు ఒక బతుకును నా చేతిలో పెట్టి, తీసుకో అని కూడా అనకుండా, తీసుకున్నాడులే అని ఊరంతా చెప్పుకోవడం నాకు నచ్చలేదు. అంతే. అది చిన్న కారణం అనిపిస్తే అనిపించనివ్వండి.

నచ్చలేదని చెప్పొచ్చు కదా? ఇదే అసలు ప్రశ్న. చెప్పలేదు. మిఠాయి పంచిన మనిషి మొహం చూసి చెప్పలేకపోయాను. దానికి బదులు వేరే దారి వెతికాను.

కొలువులో చేరే ముందు కళ్ల పరీక్ష ఉంటుంది. రంగు చుక్కల పుస్తకం ఒకటి పెడతారు, చుక్కల మధ్య అంకె ఏమిటో చెప్పాలి, తప్పితే కొలువు రాదు. ఐటీఐలో నా పక్కన కూర్చున్న స్నేహితుడికి నిజంగానే ఆ లోపం ఉంది. మనకు ఎనిమిది కనిపించే చోట వాడికి మూడు కనిపిస్తుంది. ఇరవై తొమ్మిది ఉన్న చోట డెబ్బై. ఒకరోజు టీ తాగుతూ వాడే చెప్పాడు, చెబుతున్నంతసేపూ గ్లాసులోకే చూశాడు. నేను వాడి బాధ మరిచిపోయి అంకెలు గుర్తుపెట్టుకున్నాను. దవాఖానలో డాక్టరు పుస్తకం తెరిచినప్పుడు ఎనిమిదిని చూస్తూ మూడు అన్నాను. ఇరవై తొమ్మిదిని చూస్తూ డెబ్బై అన్నాను. తొందరపడలేదు, కొంచెం తడుముకున్నట్టు కూడా నటించాను. అనుమానం తీరడానికి రెండోసారి పిలిచారు. రెండోసారీ అవే చెప్పాను.

ఆ డాక్టరు మంచి మనిషి. బయట బెంచీ మీద కూర్చున్న బాపును లోపలికి పిలిచి ఓపికగా వివరించాడు. పుట్టుకతో వచ్చేది, ఎవరి తప్పూ కాదు, సాధారణంగా తల్లి వైపు నుంచి వస్తుంది అన్నాడు. అన్ని మాటల్లో ఆ చివరి ముక్క ఒక్కటే బాపు ఇంటికి మోసుకొచ్చాడు.

"నీ పుట్టింటోళ్ల కండ్లు నా కొడుకు కొలువు తిన్నయి," అన్నాడు అమ్మతో, చెప్పులు కూడా విడవకుండా.

నేను అక్కడే ఉన్నాను. ఆ క్షణంలో నోరు తెరిచి ఉంటే ఈ కాగితం అవసరమే ఉండేది కాదు. తెరవలేదు. మా అమ్మ ఒక్క మాట ఎదురు చెప్పలేదు. వారం రోజులు ఏదో ఆలోచిస్తూ తిరిగింది. తర్వాత ఒక మధ్యాహ్నం తనంతట తానే చెప్పడం మొదలుపెట్టింది, వాళ్ల నాన్న చేనులో మిరపకాయలు ఏరేటప్పుడు పండువీ పచ్చివీ కలిపి ఏరేవాడట, అప్పుడు అందరూ నవ్వేవాళ్లట, ఇప్పుడు అర్థమైందట. నేను పుట్టించిన జబ్బుకు ఆమె తన చచ్చిపోయిన తండ్రిని తెచ్చి సాక్ష్యం పెట్టింది. ఆయన తొందరలో అలా ఏరాడేమో, అసలు ఏరనే లేదేమో. నేను గిటారు మెడను గరుకు కాగితంతో రుద్దుతూ అంతా విన్నాను.

బాపు కొలువు పోయింది, నాకు రాలేదు, క్వార్టరు ఖాళీ చేశాం. బాపు ఒక ఫంక్షన్ హాలు గేటు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుంటాడు, బండ్లు లోపలికి పంపుతాడు. కోపం వచ్చినప్పుడల్లా అమ్మ పుట్టింటి కళ్లను ఎత్తిపొడుస్తాడు. మా మేనత్త, అంటే బాపు అక్క, కోపం లేకపోయినా ఎత్తిపొడుస్తుంది. పండక్కి వచ్చినా అదే మాట, పరామర్శకు వచ్చినా అదే మాట.

ఇక అమ్మ సంగతి. కొడుకు కళ్లకు లోపం తన వల్లే వచ్చిందని నమ్మిన మనిషి, నాకు కళ్లు కావాలనుకుంది. షెడ్డులోకి వచ్చి కూర్చోవడం మొదలుపెట్టింది. ప్రతి రంగు సీసా మీద చీటీ అంటించి బాల్‌పెన్నుతో పేరు రాసింది. గిటారు లోపల కలిపే రంగురంగుల కరెంటు తీగలకు కూడా చిన్న చిన్న చీటీలు కట్టింది. నడుమ పసుపు, అంచులకు పోయేకొద్దీ ఎరుపు వేసేటప్పుడు ఎదురుగా పీట వేసుకుని, "ఇంక జరంత ఎరుపు పడాలె, ఎడమ దిక్కు" అని చెప్పేది. బాగా చెప్పేది. నిజంగా ఆమెకు రంగుల తెలివి ఉంది. కొన్నాళ్లకు మన గిటారు అనడం మొదలుపెట్టింది. వాయించేవాళ్లు వచ్చి మెచ్చుకుంటే నాకంటే ముందు ఆమె నవ్వేది. అవి మంచి రోజులని చెబితే మీకు కోపం రావచ్చు. మంచి రోజులే. అబద్ధం మీద నిలబడ్డ మంచి రోజులు.

రెండేళ్ల కింద ఆమె కళ్లకు శుక్లాలు వచ్చాయి. ఒప్పుకునేది కాదు. సీసా వెలుతురుకు ఎత్తి పట్టుకుని, కళ్లు చిట్లించి, పేరు చెప్పేది. రెండు నెలల కింద మంచిర్యాల నుంచి ఒకతను నెమలి మెడలాంటి నీలం కావాలని గిటారుకు ఆర్డరిచ్చాడు. కొత్త సీసాలు తెప్పించాను. అమ్మ ఆకుపచ్చ సీసా తీసి, చూసి చూసి, నీలం అని చీటీ రాసి నా చేతికిచ్చింది. అది ఆకుపచ్చ. పట్టపగలు, నా కళ్ల ముందు, ముమ్మాటికీ ఆకుపచ్చ.

కాదని ఎలా చెప్పను? నాకు కనిపించదు కదా! ఆమె చెప్పినట్టే పూయొచ్చు, గిటారు పాడవుతుంది, అంతే. అలా చేయలేకపోయాను. ఆమె అన్నం వండడానికి లోపలికి వెళ్లినప్పుడు అసలు నీలం సీసా తీసి పూశాను. తల్లిని తొమ్మిదేళ్లు మోసం చేసినవాడికి ఒక చెక్కను మోసం చేయడానికి చేతులు రాలేదు. ఈ ఒక్క వాక్యం రాయడానికి నాకు మూడు రోజులు పట్టింది.

నెల కింద ఆమెకు ఆపరేషన్ అయింది. కట్టు విప్పిన నాలుగో రోజు, నల్ల అద్దాలు తీసేసి షెడ్డులోకి వచ్చింది. పాలిష్ ఆరడానికి ఆ గిటారు ఇంకా తీగకు వేలాడుతూనే ఉంది. దాన్ని చాలాసేపు చూసింది. తర్వాత అరలోంచి తను చీటీ రాసిన సీసా తీసింది.

"ఇది ఆకుపచ్చ గదరా. నేను నీలమని రాసిన."

వేలాడుతున్న గిటారు వైపు తిరిగింది.

"గిటారేమో నీలమైంది. నీకు కనబడుతదా?"

"కనబడుతదమ్మా."

"ఎప్పటిసంది?"

"ఎప్పుడూ కనబడుతది. ఆ దవాఖానల గూడ కనబడ్డది."

పీట మీద కూర్చుంది. ఏడవలేదు, తిట్టలేదు. సీసా మూత బిగిస్తూ, "అయితే మా నాయినకు గూడ మంచిగనే కనబడేది," అంది. సీసా కింద పెట్టి, "నేనే ఆయన్ను గుడ్డోన్ని జేసిన," అంది.

బాపుకు ఇప్పుడే పోయి చెప్తానని లేచాను. చెయ్యి పట్టుకుని ఆపింది.

"వద్దు. నీ మీద కోపం రెండు దినాలల్ల పోతది. నన్నన్న మాటలు యాదికొస్తయి ఆయనకు. గవి పోవు. ఈ వయసుల గది మోసుడు ఆయనతోని కాదు."

నేను వెళ్లలేదు. ఆమె ఆపినందుకు ఆగానా, ఆపితే బాగుండునని చూస్తూ లేచానా? నాకు తెలియదు. తెలిసినా ఒప్పుకునే ధైర్యం ఉందో లేదో.

ఇప్పుడు రోజూ పొద్దున ఆమె షెడ్డులోకి వస్తుంది. ముందు గదిలో బాపు వినేలా గొంతు పెంచి, "ఇది ఎరుపు రా, ఇది నలుపు" అంటుంది. నేను సరే అమ్మా అంటాను. నాకంటే బాగా ఆడుతుంది. కిందటి వారం మేనత్త వచ్చింది. భోజనాల దగ్గర మళ్లీ అదే ఎత్తింది, మీ పుట్టింటి కండ్లు అని. బాపు తల ఎత్తలేదు. అమ్మ చారు వడ్డిస్తూ, నవ్వుతూ, "అవు వదినె, మా ఇంటి కండ్లే గంతె," అంది. ఇన్నేళ్లలో ఎత్తిపొడిచినవాళ్ల ముందు ఆమె అవునని ఒప్పుకోవడం అదే మొదటిసారి. అదీ అబద్ధమని తెలిసిన తర్వాత.

బాయిలోకి దిగనందుకు నాకు పశ్చాత్తాపం లేదు. ఇవాళ పిలిచినా దిగను. ఆ పుస్తకం మళ్లీ ముందు పెడితే ఎనిమిదిని ఎనిమిదే అంటాను, అని బయటికి వచ్చి, బెంచీ మీద ఉన్న మనిషితో నాకు ఈ కొలువు వద్దు బాపూ అంటాను. ఆయన కొట్టినా సరే. చేయవలసింది అదే, చేయనిది అదే. వద్దు అనే హక్కు నాకు ఉంది. ఆ వద్దును తీసుకెళ్లి మా అమ్మ నెత్తిన పెట్టే హక్కు లేదు.

ఆమె ఇంట్లో చెప్పొద్దంది. మీకు చెప్పొద్దని అనలేదు. అందుకే రాస్తున్నాను. నాకు రంగులు కనిపిస్తాయి. మా అమ్మకు కనిపిస్తాయి. మిరపచేనులో మా తాతకూ కనిపించే ఉంటాయి. మా అమ్మ పుట్టింటి వాళ్ల కళ్లలో ఏ లోపమూ లేదు. ఈ మాట ఎక్కడో ఒకచోట రాసి ఉండాలి. రాశాను.