ఏడు నెలల అడ్రసుకు ఏడాది ప్లాన్

2022లో బళ్లారి బ్రూస్‌పేటలోని ఒక చిన్న ఇంటర్నెట్ కంపెనీలో సేల్స్ ఎగ్జిక్యూటివ్‌గా చేరాను. ఇంకా ప్రొబేషన్‌లోనే ఉన్నాను. నెలకు నలభై కనెక్షన్లు తెస్తేనే ఉద్యోగం ఖాయం. ఆ నెల చివరి రోజుకు ముప్పై తొమ్మిదయ్యాయి.

మధ్యాహ్నం సరోజమ్మ వచ్చింది. యాభై దాటిన మనిషి. ఇంట్లోనే జీన్స్ ప్యాంట్లు కుట్టి, వీడియో కాల్‌లో చూపించి బయటూరి వ్యాపారులకు అమ్ముతుంది. ఫోన్ డేటా మాటిమాటికీ ఆగిపోయి రెండు ఆర్డర్లు చేజారాయట. చేతిలో మా కరపత్రం: నెలకు 399. ఇంకో కంపెనీవాళ్లు ఆరువందలు చెప్పారట.

“మీదే అగ్గువ గదప్పా. ఫారం రాసుకో” అంది.

అడ్రస్ రాస్తుంటే, “ఈ బాడుగిల్లు ఏడు నెల్లే. రూపనగుడిలో ఇల్లు కట్టిస్తాండాం. అయిపోతానే ఆడికి పోతాం” అంది.

నా పెన్ను ఆగింది. రూపనగుడికి మా లైన్ లేదు. పైగా మా ప్లాన్‌కు ఏడాది లాక్-ఇన్: డబ్బంతా ముందే కట్టాలి, మధ్యలో మానేస్తే పైసా వెనక్కి రాదు. ఆమె సంతకం పెడితే నా నలభై పూర్తవుతాయి. చెప్పకుండా ఊరుకుందామని ఒక్క నిమిషం అనుకున్న మాట నిజం.

“కూర్చోక్కా, లెక్క చూద్దాం” అని కరపత్రం వెనక రాశాను. “మాది ఏడాదికి 4,788. జీఎస్టీ కలిపితే 5,650. లైన్ లాగేదానికి ఇంకో వెయ్యి. మొత్తం 6,650. ఏడు నెలలకే పోతే నెలకు 950 పడినట్టు. వాళ్లది నెలనెలా కట్టేది, ఎప్పుడైనా మానేయొచ్చు. జీఎస్టీతో నెలకు 708. ఏడు నెలలకు 4,956. వైఫై పెట్టెకు వెయ్యి డిపాజిట్ కట్టల్ల, అది వాపస్ వస్తాది.”

ఆమె కరపత్రం తన వైపు తిప్పుకుంది. “నువ్వేందప్పా, నీ అంగట్లో కూచోని వాళ్లదాన్ని కొనమంటాండావు?”

“ఏడు నెలలకైతే అదే మేలక్కా.”

ఆమె వెళ్లాక మేనేజర్ లేచొచ్చాడు. “వచ్చిన గిరాకీని పంపిస్తివి గదప్పా!” నా ప్రొబేషన్ రెండు నెలలు పొడిగించారు. ఆ రెండు నెలలూ టార్గెట్ దాటించి ఉద్యోగం నిలబెట్టుకున్నాను.

ఏడు నెలలు దాటాక సరోజమ్మ ఫోన్ చేసింది. “ఆ కంపెనీవాళ్ల పెట్టె ఇచ్చేసి మూడు వారాలాయ. వెయ్యి ఇయ్యమంటే రేపు మాపంటాండారప్పా.”

తప్పు నాదీ ఉంది. డిపాజిట్ ఎన్నాళ్లకు తిరిగిస్తారో అడగమని చెప్పలేదు. రసీదు చదివించుకున్నాను. పదిహేను రోజుల్లో ఇస్తామని అందులోనే ఉంది. దాని ఫొటో జతచేసి ఫిర్యాదు రాయించాను. వారంలో డబ్బు వచ్చింది.

ఇప్పుడు ఎవరొచ్చినా, ధర చెప్పేముందు ఆ ఇంట్లో ఎన్నాళ్లుంటారో అడుగుతాను. మొదటిరోజు కట్టేదాని నుంచి, లైన్ తీసేసినప్పుడు తిరిగొచ్చేదాని దాకా కాగితం మీద పెట్టి చూపిస్తాను. కొందరు పక్క కంపెనీకి వెళ్లిపోతారు. వెళ్లనిస్తాను.