మేబెల్ టీచర్ డాక్టర్లకు పెట్టిన పరీక్ష

రెజిమెంటల్ బజార్ దగ్గరి బడిలో మేబెల్ టీచర్ పిల్లలకు తెలుగు పరీక్షలు పెట్టేది. ఇంటికొచ్చాక డాక్టర్లకు పెట్టేది.

అది మొదలైంది దేవకృప వల్ల. మేబెల్ దగ్గర పదో తరగతి చదివినప్పుడు ఆమెకున్న మగపేరు యెషయా. తర్వాత చీర కట్టింది, పేరు తనే పెట్టుకుంది. ఒకసారి జ్వరమొచ్చి వెళితే ఆస్పత్రిలో కాంపౌండరు నలుగుర్ని పిలిచి చూపించి మరీ నవ్వాడు. ఇక ఏ డాక్టరు గడపా తొక్కనని ఒట్టు పెట్టుకుంది. ఆ మాట విని మేబెల్‌కి ఒళ్ళు మండిపోయింది. ఇలాంటి వాళ్ళని మర్యాదగా చూసే డాక్టర్ల పేర్లు ఒక నోటుబుక్కులో రాయడం మొదలుపెట్టింది.

ఫోన్ చేసి, "మా అమ్మాయండీ, కార్డులో మాత్రం మగపేరుంటుంది" అనేది. అవతలివాళ్ళు "ఎప్పుడొస్తుంది?" అంటే పాసు. "ఎప్పుడొస్తాడు?" అంటే ఒకసారి దిద్దేది. మళ్ళీ "వస్తాడు" అంటే పేరు కొట్టేసేది. ఆడ లక్షణాల కోసం వాడే హార్మోను మాత్రల గురించి అడిగినప్పుడు, తెలీదు కనుక్కుంటానన్న వాళ్ళకి సగం మార్కులు.

"బడిలో తెలిస్తే ఉద్యోగం పోతుందే. రెండేళ్ళ పిల్లుంది మనకి" అన్నాడు భర్త లూకా.

"ఉంది కాబట్టేనండీ. రేపది ఎవరవుతుందో మీకు తెలుసా?"

2012 వానాకాలం, ఒక ఉదయం దేవకృప ఫోన్ చేసింది. ఎడమ కాలు రెండ్రోజులుగా వాచిందట. మెడికల్ షాపులో అడిగి తనంతట తనే హార్మోను మాత్రలు వాడుతోందట.

మేబెల్ నోటుబుక్కు తీసింది. మొదటి డాక్టరు ఊళ్ళో లేడు. కొత్తగా ఎవరో చెప్పిన అల్వాల్ డాక్టరు శేషారత్నం ఫోనెత్తింది.

"ఎప్పట్నుంచి వాచింది అతనికి?"

"అతనికి కాదండీ. ఆమెకి."

శేషారత్నం వెంటనే దిద్దుకుంది. "పొరపాటైంది. ఆమె పిక్క వేడిగా ఉందా? ఆ మాత్రలకి రక్తం గడ్డకట్టి ఉండొచ్చు. కాలు ఎవర్నీ పిసకనివ్వకండి. గడ్డ ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణమ్మీదికొస్తుంది. ఇప్పుడే తీసుకురండి."

బన్సీలాల్‌పేట్‌లో దేవకృప మంచం దిగనంది. "మళ్ళా నవ్వుతరు టీచర్. నేను రాను."

"నవ్వనీ. నవ్వినవాడి ఎదురుగానే నీకు వైద్యం చేయిస్తా. లే!"

ఆటోలో అల్వాల్ ఆస్పత్రికి తీసుకెళ్ళింది. స్కానింగ్ దగ్గర నర్సు దేవకృపని చక్రాల కుర్చీలో ఆడవాళ్ళ వరసలో ఉంచింది. బెంచీ మీద ముసలాయన గొంతెత్తాడు. "ఏందమ్మా గిది? అది ఆడోళ్ళ లైను!"

హాలంతా ఇటు తిరిగింది. దేవకృప చెయ్యి కుర్చీ చక్రం మీద బిగుసుకుంది. వెనక్కి తిప్పేస్తుందేమోనని మేబెల్ ముందుకొచ్చింది. తను నోరు తెరిచేలోగానే దేవకృప తలెత్తింది.

"తెల్సు తాతా. మరి నన్నెవరనుకున్నవ్?"

ఎవరో ఆడమనిషి కిసుక్కున నవ్వింది, ముసలాయన్ని చూసి. లోపల్నుంచి పిలుపొచ్చింది. మేబెల్ కుర్చీ తోయబోతే, "జెర ఆగు టీచర్, నేనే పోత" అని చక్రాలు తిప్పుకుంటూ దేవకృప గదిలోకి వెళ్ళింది.

గడ్డ తొడ కింద దొరికింది. రక్తం ఇంకా గడ్డకట్టకుండా మొదటి ఇంజెక్షన్ అక్కడే పడింది.