ఒనెజీమ్‌కి నాలుగు గుండీల ఉన్ని చొక్కా

మా తమ్ముడు ఒనెజీమ్ సిర్ మొట్టమొదటి దుప్పిని కొట్టింది తన పద్నాలుగో ఏట. మా దగ్గర దుప్పి వేట నవంబరులోనే; అంతకుముందు మూడు నవంబర్లు ఒట్టి చేతులతో ఇంటికి వచ్చాడు. నాలుగో నవంబరులో, మోకాలి లోతు మంచులో, ఒకే జాడ పట్టుకుని తొమ్మిది మైళ్ళు నడిచి, పొద్దు వాలేవేళకి నూట తొంభై ఎనిమిది పౌండ్ల కొమ్ముల దుప్పిని పడగొట్టాడు. ఆ వయసులో అంత బరువు తూచినవాడు మా ఊళ్ళో అంతకుముందు లేడు, ఆ తరవాతా పుట్టలేదు. ఆ రోజు వాడి ఒంటిమీద ఉన్నది మా నాన్న ఉన్ని కోటు. చేతులు మడిచి, నడుము దగ్గర లోపలికి పట్టి, వాడికి సరిపోయేలా కుట్టింది నేను. నాకప్పుడు పదిహేడేళ్ళు. అందుకే ఆ దుప్పిలో సగం నాదని ఎప్పుడూ అంటూ వచ్చాను. "కొమ్ములు నావి, తోక నీది" అనేవాడు వాడు.

నా పేరు ఎడ్వీజ్. మా ఊరి ఒంటిగది బడిలో ఎనిమిదో తరగతి దాకా చదివాను. తప్పు లేకుండా రాసినందుకు ఫాదర్ గారి చేతిమీదుగా బహుమతి తీసుకున్నాను. ఉన్ని మిల్లులో ముప్ఫై ఒక్క ఏళ్ళు వేటకోట్లు కుట్టాను. కుట్టు ఊడిందని నా కోటు ఒక్కటి కూడా వెనక్కి రాలేదు. ఇవన్నీ గొప్పకే చెబుతున్నాను. డెబ్భై ఎనిమిదేళ్ళు వచ్చాక చెప్పుకోకపోతే ఇంకెప్పుడు చెప్పుకుంటాను?

ఒనెజీమ్ పోయి నాలుగు నెలలు దాటింది. వాడింకా ఊరికి రాలేదు. మా మెయిన్ రాష్ట్రపు ఈ ఉత్తరపు కొసన, నేల ఒకసారి గడ్డకట్టిందంటే మళ్ళీ మే నెల దాకా గునపం దిగదు. చలికాలంలో పోయినవాళ్ళని నలభై మైళ్ళ అవతల టౌన్‌లో, రాతిగదిలో ఉంచుతారు. నేల కరిగాక తెచ్చి పూడుస్తారు. వాడు వచ్చేలోగా నేనొక చొక్కా పూర్తి చెయ్యాలి. ఇప్పుడు నాకున్న పని అదొక్కటే. ఎందుకో తెలియాలంటే వాడి సంగతి మొదటినుంచీ చెప్పాలి.

అరవై నాలుగు నవంబర్లు వేటాడాడు. నలభై ఏడు దుప్పులు. రెండొందల పౌండ్లు దాటినవి అందులో పద్నాలుగు. మాటువేసి కూర్చుని కొట్టినవి కావు. జాడ వెంట నడిచి కొట్టినవి. ఆదివారం వేట లేదు గనక ఆ ఒక్క పూట చర్చికి వచ్చి, వెనక బెంచీలో నిద్రపోయేవాడు. మిగతా ఏడాదంతా అడవిలో కలప కొట్టేవాడు. పెళ్ళి చేసుకోలేదు. మా ఆయన పోయాక, పదేళ్ళ కిందట, నేను నా కుట్టుమిషనుతో సహా వాడింటికి చేరితే, గుమ్మంలో నిలబడి మిషను వైపూ నావైపూ చూసి, మిషనుకి చోటుంది గానీ నీ సంగతి నీ అట్లు తిన్నాక చెబుతానన్నాడు. ఆ సాయంత్రం తొమ్మిది ప్లోయ్ అట్లు మొలాసిస్ పాకంతో తిన్నాడు. చోటు సంగతి మళ్ళీ ఎత్తలేదు.

వాడి కోటు నేను వెయ్యిన్నీ తొమ్మిదివందల డెబ్భై తొమ్మిదిలో కుట్టాను. ఆకుపచ్చ, నలుపు గళ్ళు. భుజాల మీద రెండు పొరలు. కూర్చుంటే చలి తగలకుండా వెనక కిందికి దిగుతుంది. నలభై అయిదేళ్ళు అదే కోటు. కొమ్మ రాసుకున్నా చప్పుడు కాదు. మంచు పడితే పైపైనే ఉంటుంది, దులిపితే పోతుంది. నానిపోయినా వెచ్చదనం వదలదు. ఏడాదికొకసారి, ఏప్రిల్‌లో, సబ్బు వెయ్యకుండా చల్లటి వాన నీళ్ళలో జాడించి, స్ప్రూస్ చెట్టు కొమ్మల మీద ఆరేసేదాన్ని. తోటి వేటగాళ్ళు దుప్పి అనుకుని కాల్చకుండా చట్టం వేసుకోమన్న నారింజరంగు చేతుల్లేని కోటు కూడా ఉన్నితోనే కుట్టిచ్చాను. లోపలి చొక్కా, ప్యాంటు, మేజోళ్ళు, అన్నీ ఉన్నివే. చర్మం నుంచి పైదాకా ఉన్ని. అది మా అమ్మ పెట్టిన నియమం. పత్తి ఎండాకాలపు చుట్టం, ఉన్ని కడదాకా వచ్చే తోబుట్టువు అనేది మా అమ్మ.

ఒకసారి ఆ కోటు చెయ్యి ముళ్ళకంచెకి చిక్కుకుంది. ఎదురుగా, ముప్ఫై అడుగుల్లో, పెద్ద దుప్పి నిలబడి ఉంది. గుంజితే చెయ్యి వచ్చేస్తుంది, చిరిగితే చిరుగుతుంది. వాడు గుంజలేదు. చేతితొడుగు తీసి, ఒక్కో పోగూ విడదీసుకుంటూ నిలబడ్డాడు. దుప్పి తీరిగ్గా వెళ్ళిపోయింది. వెంట ఉన్న క్లోవిస్ నెత్తి బాదుకుంటే, దుప్పి మళ్ళీ దొరుకుతుంది, అక్క కుట్టు చిరిగిందంటే నాకు అన్నం దొరకదు అన్నాడట. ఈ కథ నేను మిల్లులో చెప్పాను, చర్చి మెట్ల మీద చెప్పాను, పెళ్ళిళ్ళలో చెప్పాను. ఎన్నిచోట్ల చెప్పుకున్నానో లెక్కలేదు.

క్లోవిస్ ఉలెట్ వాడికి బడినాటి నేస్తం. ఊరి దుకాణం అతనిదే. దుప్పుల్ని తూచే కాటా ఆ దుకాణం ముందే వేలాడుతుంది. అతను మాత్రం నిగనిగలాడే జిప్పుల వేటదుస్తులు వేసుకునేవాడు. అడుగు తీసి అడుగు వేస్తే గరగరమనేవి.

"నువ్వు తలుపు తియ్యకముందే తడిసిన గొర్రె వాసనొస్తుందిరా ఒనెజీమ్. దుప్పులు ముక్కు మూసుకుని నీకు దొరికిపోతున్నట్టున్నాయి" అనేవాడు.

"నీకైతే చెవులు మూసుకుని పారిపోతున్నాయి. పోయినేడు ఈ కాటా మీద ఏం తూచావు నువ్వు?"

"బంగాళాదుంపలు" అని క్లోవిస్ ఒప్పుకునేవాడు. దుకాణమంతా నవ్వేది.

పోయిన ఆగస్టులో ఒనెజీమ్‌కి సర్పి లేచింది. కుడివైపు పక్కటెముకల చుట్టూ పటకా కట్టినట్టు పొక్కులు. పొక్కులు మానాయి గానీ మంట మానలేదు. కొందరికి ఏడాదిపైన ఉంటుందన్నాడు డాక్టరు. దుప్పటి తగిలితే ఉలిక్కిపడేవాడు. ఉన్ని చొక్కా తొడిగి చూస్తే కందిరీగల తుట్టెలో దూరినట్టుందన్నాడు. నవంబరు వచ్చింది. మొదటి రెండు వారాలు కిటికీ దగ్గర కూర్చున్నాడు. తుపాకీకి మూడుసార్లు నూనె రాశాడు. మాట్లాడటం తగ్గించాడు. అట్లు రెండుకి వచ్చాయి. డెబ్భై అయిదేళ్ళ మనిషి ఒక ఏడు వేట మానేస్తే కొంప మునగదని ఇప్పుడు అనుకుంటున్నాను. అప్పుడు ఆ వీపు నేను చూడలేకపోయాను.

గొర్రెపిల్ల మొదటి కత్తిరింపు ఉన్నితో అల్లిన చొక్కా పసిబిడ్డ బుగ్గకి కూడా గుచ్చుకోదు. ఆ సంగతి నాకు తెలుసు. అయితే అది అల్లడానికి నాకు నాలుగైదు నెలలు పడుతుంది. నాకు వాడు ఆ వారమే కిటికీ దగ్గరనుంచి లేవాలి. బీరువాలో మెత్తటి పత్తి ఫ్లానెల్ గుడ్డ ఉంది. అయిదు రోజుల్లో చొక్కా కుట్టాను. కళ్ళలో శుక్లాలున్నా ఒక్క కుట్టు వంకర పోలేదు. గాలి దూరకుండా మెడనుంచి కిందిదాకా పదకొండు చిన్న గుండీలు, ఒక్కోదానికీ ఆరు పేటల దారం.

వాడు ఆ గుడ్డని బొటనవేలితో రుద్ది చూశాడు.

"అక్కా, ఇది పత్తి."

"అవున్రా. పైన మూడు పొరల ఉన్ని ఉండనే ఉంది, లోపల పలచటి గుడ్డ ఏం చేస్తుంది? చెమట పట్టేలా నడవకు. గంటసేపు తిరిగి వచ్చెయ్."

"ఆ మాట దుప్పికి కూడా చెప్పు."

"అమ్మ ఉంటే ఒప్పుకునేది కాదులే" అన్నాను నేనే.

"అమ్మకి సర్పి రాలేదుగా" అని నవ్వి తొడుక్కున్నాడు. చెయ్యెత్తి దించి చూసుకున్నాడు. మంట లేదన్నాడు. ఆగస్టు తరవాత వాడి పళ్ళు అప్పుడే చూశాను.

అది నవంబరు పంతొమ్మిది, మంగళవారం. పొద్దున్నే తడి మంచు పడి ఆగింది. జాడ పట్టడానికి అంతకంటే మంచి రోజు ఉండదు. మధ్యాహ్నం భోజనానికి వస్తానన్నాడు. చిక్కుడుగింజలు, ఉప్పుపంది మాంసం పొయ్యి మీద పెట్టాను. పన్నెండయింది. ఒంటిగంటకి గాలి వాయవ్యానికి తిరిగింది. కిటికీ మీద నీటిచుక్కలు చూస్తుండగానే గడ్డకట్టాయి. ఉన్ని ఉందిగా, ఉన్ని ఉందిగా అనుకుంటూ గిన్నె మూత తీస్తూ పెడుతూ ఉన్నాను. మూడింటికి క్లోవిస్‌కి ఫోన్ చేశాను. అతను మనుషుల్నీ, వేటశాఖ వార్డెన్‌నీ తీసుకుని వెళ్ళాడు. మర్నాడు పొద్దున తొమ్మిదింటికి గొడ్డలిగుట్ట మీద వాడు కనబడ్డాడు.

వార్డెన్ చిన్నమ్మాయే గానీ జాడ చదవడం తెలిసిన పిల్ల. మా వంటింటి బల్ల దగ్గర కూర్చుని, మంచులో చూసిందంతా ఉన్నదున్నట్టు చెప్పింది. ఇంటినుంచి అరమైలు వెళ్ళేసరికి వాడికి నాలుగు వేళ్ళ వెడల్పు గిట్టజాడ తగిలింది. గుట్ట పాదం దగ్గర ఆగి కొంచెంసేపు అటూ ఇటూ తొక్కాడు. ఇంటివైపు నాలుగడుగులు వేశాడు. మళ్ళీ తిరిగి జాడ పట్టాడు. గుట్ట ఎక్కేటప్పుడు అడుగులు పొడుగ్గా, పడుచువాడి అడుగుల్లా ఉన్నాయంది. పైన, పడిపోయిన మాను వెనక చాలాసేపు కూర్చున్నాడు. ఆ మానుకి నలభై అడుగుల్లోనే దుప్పి పడుకున్న చోటు ఉంది.

ఎక్కేటప్పుడు చెమట పట్టింది. ఆ చెమటని పత్తి తాగింది. కూర్చున్నాక గాలి తిరిగి, ఆ తడిగుడ్డ ఒంటి వేడినంతా లాగేసింది. ఇంక నాకెవరూ చెప్పనక్కర్లేదు.

కోటు విప్పి ఉందంది వార్డెన్. కింది ఉన్ని చొక్కా కూడా విప్పాడంది. బాగా చలికి మతి తప్పినవాళ్ళు ఒక్కోసారి అలా చేస్తారమ్మా అని మెల్లగా చెప్పింది. కోటు ఎక్కడుందని అడిగాను. కొమ్మకి తగిలించి ఉందట. భుజాలు సరిచేసి. ఉన్ని చొక్కా మడిచి మాను మీద పెట్టాడట. తుపాకీలో తూటాలు తీసేసి ఉన్నాయట.

మతి తప్పినవాడు చేసే పని కాదు అది. తడి పత్తిని ఒంటిమీదనుంచి తీసేసి, మంటో గింటో ఓర్చుకుని, ఉన్నిని చర్మానికి వేసుకుందామని విప్పాడు. ఇన్నేళ్ళ వేటగాడు, వాడికి అంతా తెలుసు.

"పత్తి చొక్కాకి మూడు గుండీలు విప్పి ఉన్నాయి. నాలుగోది కాజాలోంచి సగం వచ్చింది. వేళ్ళు పని చెయ్యలేదు కాబోలు" అన్నాడు క్లోవిస్. అంతదాకా గోడకి ఆనుకుని నిలబడే ఉన్నాడు. "నాకు ఒకటే అర్థం కావట్లేదు అక్కా. కత్తి నడుముకే ఉంది. నిలువునా ఒక్క కోత కోస్తే చొక్కా ఊడిపోయేదిగా. ఎందుకు కొయ్యలేదు వాడు?"

అంతలో అతనికే ముళ్ళకంచె గుర్తొచ్చింది. టోపీ తీసి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

చిన్న గుండీలు, ఆరు పేటల దారం. ముప్ఫై ఒక్క ఏళ్ళలో నా కుట్టు ఒక్కటీ ఊడలేదని మీకు ముందే చెప్పాను.

డిసెంబరులో టౌన్‌కి వెళ్ళి, చివరి పనులు చూసే ఆయనతో మాట్లాడాను. మా తమ్ముణ్ణి చర్మం నుంచి పైదాకా ఉన్నిలోనే పంపాలి, చొక్కా నేను తెస్తానన్నాను. ఆయన మర్యాదస్తుడే. తీసుకురండమ్మా, వీపు వైపు నిలువునా కోసి తొడుగుతాం, పైకి కనబడదు, అందరికీ అలాగే చేస్తామన్నాడు.

"చచ్చిపోతూ వాడే కొయ్యలేదు నాయనా నా కుట్టు. నువ్వెలా కోస్తావు?"

ఆయన సరేనమ్మా, ఇద్దరం మనుషులం పట్టుకుని కొయ్యకుండానే తొడుగుతామన్నాడు.

ఆ వారమే మొదలుపెట్టాను. గొర్రెపిల్లల మొదటి కత్తిరింపు ఉన్ని, ఆగస్టులో కొనవలసింది, డిసెంబరులో కొన్నాను. పొద్దున ఎనిమిదినుంచి వెలుతురు ఉన్నంతసేపు అల్లుతాను. ముందు, వెనక అయిపోయాయి. ఎడమ చెయ్యి అయిపోయింది. కుడి చెయ్యి మోచేతి దాకా వచ్చింది. రెండుసార్లు విప్పి మళ్ళీ అల్లాను. కుడివైపు పక్కటెముకల మీద పడే చోట ముడి ఒక్కటి కూడా లేదు. నా బుగ్గకి ఆనించి చూసుకుంటాను. గుచ్చుకోదు.

గుండీల కోసం, నూట తొంభై ఎనిమిది పౌండ్ల ఆ మొదటి దుప్పి కొమ్ముల్ని గోడమీదనుంచి దించి క్లోవిస్‌కి ఇచ్చాను. కొమ్ములు వాడివి. అడక్కుండానే దించాను. క్లోవిస్ రంపం చేత్తో పట్టుకుని ఎన్ని కావాలన్నాడు. నాలుగన్నాను. సీసామూత అంతంత పెద్దవి, రెండేసి బెజ్జాలతో. అంత పెద్ద గుండీలు చొక్కాకి ఎక్కడైనా చూశావా అక్కా అని నోటిదాకా వచ్చినట్టుంది, మింగేశాడు. ఒక్కోటీ బిళ్ళలా కోసి, అంచులు నున్నగా చేసి తెచ్చాడు. ఈసారి దారం రెండు పేటలే వేశాను. కాజాలు వదులుగా తీశాను.

నిన్న పొద్దున ఆ చొక్కా మా గుమ్మం బయట కుర్చీకి తొడిగి, గుండీలన్నీ పెట్టి, నా రెండు చేతులూ మంచులో దూర్చి ఉంచాను. వేళ్ళు ఉన్నాయో లేవో తెలియనంతసేపు ఉంచాను. అప్పుడు విప్పి చూశాను. నాలుగూ వచ్చాయి.

ఇంక మోచేతినుంచి మణికట్టు దాకా మిగిలింది. శ్మశానం చూసుకునే మనిషి మొన్న ఇనుపకడ్డీ దింపి చూశాడు. మా అమ్మ పక్కన, వాడికి గుర్తుపెట్టిన చోట, ఇంకా మూడడుగులు రాయిలాగే ఉందట. ఏప్రిల్ నెలాఖరు వానలు పడితే మెత్తబడుతుందన్నాడు. టౌన్ నుంచి ఉత్తరం వచ్చింది. ఒనెజీమ్ మే పదిహేడో తేదీ, శనివారం పొద్దున పది గంటలకి వస్తాడు.