అవ్వ ఎదురొచ్చిన ప్రయాణం

మొన్న జనగామ బైపాస్ దగ్గర టీ తాగుతుంటే, ఒకే రంగు చొక్కాలు తొడుక్కున్న కుర్రాళ్లు కొందరు బైకులు ఆపి, జబ్బుపడ్డ పిల్లల సాయం కోసం కన్యాకుమారి దాకా పోతున్నామని చెప్పి, ఫోను నా చేతికిచ్చి ఫొటో తీయమన్నారు. తీశాను. వాళ్లు హారన్లు కొట్టుకుంటూ వెళ్లిపోయాక టీ చల్లారిపోయింది కానీ నాకు లేవబుద్ధి కాలేదు. మన ఈడువాళ్లకు ఈ సంగతి కొత్త కాదు, మనిషి కూర్చున్నచోటే ఉంటాడు, మనసు ఎక్కడెక్కడో తిరిగొస్తుంది.

మా అక్క కూతురిది నెలనెలా రక్తం ఎక్కిస్తే తప్ప ప్రాణం నిలవని జబ్బు. రక్తమిస్తే బలమంతా పోతుందని, ఇక నాగలి పట్టలేమని జనం భయపడే రోజులవి. ఇస్తానని ఒప్పుకున్నవాడు కూడా దవాఖాన మెట్ల దాకా వచ్చి ఏదో పని గుర్తొచ్చిందని జారుకునేవాడు. చుట్టాలందరి వంతూ అయిపోయాక, బావా, నేనూ, బావ స్నేహితులిద్దరూ కలిసి రెండు మోటారు సైకిళ్ల మీద జనగామ నుంచి మహబూబాబాద్, డోర్నకల్ తిరిగి, భూపాలపల్లి అడవి ఊళ్లు చుట్టి, కాళేశ్వరం దాకా పోదామనుకున్నాం. మేము ముందుపోయి జనాన్ని ఒప్పిస్తే వెనక దవాఖాన వ్యాను వచ్చి రక్తం తీసుకుంటుంది, మా పిల్ల ఒక్కదానికే కాదు, అలాంటి పిల్లలందరికీ.

బయలుదేరే పొద్దున అక్క బండ్లకు కుంకుమ పెట్టి చక్రాల కింద నిమ్మకాయలు ఉంచింది. ఎదురు రావడానికి పక్కింటి ముత్తయిదువను పిలిచి నీళ్ల బిందెతో నిలబెట్టాం. బావ తల్లిని మేమంతా అవ్వ అనే పిలిచేవాళ్లం. భర్త పోయినప్పటి నుంచి, ఎవరు ఊరికి బయలుదేరినా, ఎవరూ పొమ్మనకపోయినా, ఆమె తనంతట తానే పెరట్లోకి తప్పుకునేది. ఆ రోజూ అంతే. కానీ పిల్ల మొండికేసింది.

"మా అవ్వ ఎదురొస్తెనే నాయిన పోవాలె" అని ఏడుస్తూ ఆమె కొంగు పట్టి వాకిట్లోకి గుంజుకొచ్చింది. "వద్దు బిడ్డా, నేను రావద్దే" అంటూనే అవ్వ తల వంచుకుని బండ్ల ముందు నుంచి నడిచింది. బావ దిగి ఆమె కాళ్లు మొక్కాడు. పక్కింటామె బిందె పట్టుకుని ముఖం మాడ్చుకుంది.

అంత మంచి ప్రయాణం నేను మళ్లీ చేయలేదు. డోర్నకల్‌లో రైల్వే కూలీలు వరుస కట్టారు. కాటారంలో ఒక ముసలి రైతు, వయసు దాటిందని ఆయన రక్తం వద్దంటే అలిగి, "గట్లయితే నా కొడుకులది తీస్కోండ్రి" అని వాళ్లను పొలంలోంచి పిలిపించాడు. పిల్ల గట్టెక్కినట్టేనని బావ దారిపొడవునా అంటూనే ఉన్నాడు.

ఆ తర్వాత రక్తానికి కరువు రాలేదు. కానీ ఏళ్లుగా ఎక్కించిన రక్తంతో ఒంట్లో పేరుకున్న ఇనుము పిల్ల గుండెను తినేసిందట, మరుసటి వానకాలం దాటలేదు. డాక్టరు ఎంత విడమరిచి చెప్పినా అవ్వ చెవిన పెట్టలేదు. "నేనే ఎదురొచ్చిన, నా బిడ్డను నేనే మింగిన" అన్నది. అప్పటి నుంచి బావ పొలానికి పోయినా సరే, బండి చప్పుడు వినిపించనంత దూరం పోయేదాకా ఆమె పెరటి తలుపు గడియ తీసేది కాదు. ఆ గడియ చప్పుడు తలుచుకుంటే నాకిప్పటికీ దుఃఖం ఆగదు.

ఇప్పుడు ఫోన్లో ఒక్క మాట పెడితే చాలు, ముక్కూ మొహం తెలియనివాళ్లు పరిగెత్తుకొచ్చి రక్తమిస్తున్నారు. ఎదురు ఎవరొచ్చారన్న పట్టింపు మా ఇళ్లలో లేనే లేదు. మంచిదే, కానీ ఆ మంచి రోజులు అవ్వ పోయాక వచ్చాయి. ఆమె ఎదురొచ్చిన ఆ ఒక్క ప్రయాణం వల్ల ఎవరెవరి పిల్లలో బతికారని, ఆమె ఉన్నన్నాళ్లూ ఎన్నిసార్లు చెప్పానో. ఆమె నా ముఖం వైపు చూడకుండా ఒక్కటే అనేది.

"వాళ్లకు నా అసొంటి అవ్వ ఎదురు రాలే గద, కొడుకా."