గీత లేని చేను

నలభై ఏళ్లపాటు అంగళ్ల పేర్లు రాసిన చెయ్యి అది. బారెడు గీత గీసినా వెంట్రుకవాసి వంకర ఉండేది కాదు కనుక, ఊరంతా ఆయనను స్కేలన్న అనే పిలిచేది. అటువంటి చెయ్యి అరవై రెండో ఏట ఆయిల్ రంగుల ముందు ఓనమాలు దిద్దవలసి వచ్చింది. అందుకు కారణం, తల్లి పోయాక తనను పెంచి పెద్దచేసిన అక్క. ఆమె చూపు మసకబారుతోంది. మిగిలినది రెండు నెలలు నిలిస్తే గొప్ప అన్నాడు కంటి డాక్టరు.

"మన చేను ఒక్కసారి చూడాలనుందిరా. పొద్దున్నే, ఎండ అప్పుడే పడుతుంటే," అంది అక్క. మోకాళ్ల నొప్పులతో ఆమె చేనిగట్ల మీద నడవలేక ఏడాదైంది. ఫోటో తెచ్చి చూపిస్తే ఏదీ ఆనడం లేదంది. సన్నని వివరాలు ఆమెకు అందవు. పెద్ద పెద్ద రంగుమచ్చలు మాత్రం ఇంకా తెలుస్తున్నాయి.

స్కేలన్న పక్కవీధిలోని డ్రాయింగు టీచరమ్మను ఆశ్రయించాడు. మొదటి బొమ్మ చూసి ఆవిడ కళ్లజోడు సవరించుకుంది.

"ఏమిటయ్యా ఇది? గడ్డిపరక గడ్డిపరకకూ నల్లంచు కట్టావు! చేనుకు బోర్డు రాశావా?"

"అంచు లేకపోతే ఏది ఎక్కడ అయిపోయిందో ఎలా తెలుస్తుందండీ?"

"ఎండకు అంచెక్కడుంది? కళ్లు సగం మూసుకుని చూడు."

చూశాడు. చేలో నల్లగా ఉంటుందనుకున్న గట్టు నీడ ఊదారంగులో కనిపించింది. ఆనాటి నుంచి నలుపు మానేశాడు. అయినా సన్నకుంచె కనబడితే చెయ్యి అటే పోయేది. "పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతోగానీ పోదు," అంటూ ఆవిడ దాన్ని బీరువాలో పెట్టి తాళం వేసింది.

మూడు వారాలకు రంగు పక్కన రంగు నిలిచి, చేను చేనులా కనిపించసాగింది. అప్పుడు పాత వృత్తి పగబట్టింది. పొద్దున రాసిన బోర్డు సాయంత్రానికి ఆరి అంగడి మీద ఉండాలి. ఆ అలవాటుకొద్దీ, ఎవరినీ అడగకుండా, రంగు తొందరగా ఆరే మందును ధారాళంగా కలిపాడు. వారం తిరిగేసరికి బొమ్మలోని ఆకాశమంతా పాలమీద మీగడలా ముడతలు పడింది.

"ఆయిల్ రంగు తన తీరిక చూసుకుని ఆరుతుందయ్యా. నీ తొందరతో దానికేం పని?"

"తొందర నాది కాదండీ. మా అక్క కళ్లది."

టీచరమ్మ కొత్త కాన్వాసు తానే బిగించి ఇచ్చింది.

అప్పటికి ప్రతి ఉదయమూ అక్కను ఆటోలో కంటి ఆసుపత్రికి తీసుకువెళ్లడంతోనే సరిపోతోంది. ఇక మిగిలింది సాయంత్రాలే. నాలుగు రోజులు గట్టు మీద కూర్చుని ఊరికే చూశాడు. అయిదో నాడు ఒక్క బిగిన వేసి, తడి ఆరని బొమ్మను అంచులు పట్టుకుని, ఎవరికీ తగలకుండా ఓరగా నడుస్తూ ఇంటికి తెచ్చాడు.

"కాస్త వెనక్కి పెట్టు," అంది అక్క. "ఇంకాస్త. ఆ ఊదారంగుది కాలువగట్టు కదూ? నువ్వు జారిపడి నాలుక కొరుక్కున్న చోటు."

"అవునక్కా."

ఆమె చాలాసేపు చూసింది.

"ఇది పొద్దుటిది కాదురా. పొద్దున నీడ మనింటివైపు పడుతుంది."

ఆయన తల వంచుకున్నాడు. "పొద్దున కుదరలేదక్కా."

"నేనేమన్నానిప్పుడు? సాయంత్రం మన చేను నేనెన్నడూ చూడలేదు. పొద్దు వాలుతుంటే మీకు వండిపెట్టాలని ఇంటికి పరుగెత్తేదాన్ని." ఆమె కుర్చీలో కొంచెం ముందుకు జరిగింది. "ఇంత ఎర్రగా ఉంటుందా?"

"ఉంటుందక్కా."

"నువ్వు పక్కకు తప్పుకో. అడ్డొస్తున్నావు."